గుడ్ల పెట్టను కూరకోడిలా తూచకండి: పెరటి కోళ్ల బరువు మీద అపోహలు - వాస్తవాలు

మా విశాఖలో పెందుర్తి, ఆనందపురం, మధురవాడ వైపు పెరట్లోనో డాబా మీదో నాలుగైదు పెట్టలు పెంచుకునేవాళ్లు నా దగ్గరికి తరచూ వస్తుంటారు. పశువైద్యుణ్ని కాబట్టి వాట్సాప్‌లో ఫొటోలు కూడా బాగానే వస్తాయి, కింద ఒకటే ప్రశ్న: "డాక్టర్ గారూ, మా పెట్ట బరువు సరిపోతుందాండీ?" ఫొటో చూసి చెప్పలేనండీ. ఎందుకు చెప్పలేనో ఒకసారి రాసి పెడితే అందరికీ అదే పంపొచ్చని ఇది రాస్తున్నాను.

అపోహ: బొద్దుగా, బరువుగా ఉందంటే పెట్ట ఆరోగ్యంగా ఉన్నట్టే

ఇది సంతలో పుట్టిన లెక్క. నాటుకోడి కొనేటప్పుడు రెండు రెక్కలూ కలిపి పట్టుకుని పైకెత్తి, బాగా తూగుతోందనిపిస్తే బేరం మొదలెడతాం. కూరకైతే సరే. గుడ్లకి ఆ లెక్క పనికిరాదు.

ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఈ తప్పు నేనే చేశాను. గోపాలపట్నం నుంచి ఒక పెద్దావిడ పెట్టను చంకలో పెట్టుకుని వచ్చారు. "ఏటి బాబూ, మేత బాగానే తింతంది, గుడ్లు మాత్రం తగ్గించీసింది" అన్నారు. ఎత్తి చూశాను, నిండుగా ఉంది, ఈకలు మెరుస్తున్నాయి, బలంగానే ఉందిలే అనుకుని కాల్షియం మందు రాసి పంపేశాను. అది మే నెల. 10 రోజులకి ఆవిడ మళ్లీ వచ్చారు, ఈసారి పెట్ట గంపలో చచ్చి ఉంది. తురాయి సున్నం కొట్టినట్టు పాలిపోయింది. కోసి చూస్తే చర్మం కిందే వేలి మందాన పసుప్పచ్చటి కొవ్వు, కందనకాయ ఆ కొవ్వులో కూరుకుపోయి వెతుక్కోవాల్సొచ్చింది. ముదురు ఎరుపులో ఉండాల్సిన కార్జం పసుపు రంగుకి తిరిగి, వేలు పెడితే ఉడికిన చిలగడదుంపలా చితికిపోయింది, దాని మీద పెద్ద రక్తపు గడ్డ. కార్జం చిట్లి లోపల్లోపలే రక్తం కారిపోయిందన్నమాట. ఏం పెట్టేవారమ్మా అని అడిగితే నూకలు, మిగిలిన అన్నం, మనవలు తినగా మిగిలిన జంతికలు అన్నారు. అంతా ప్రేమే, పాపం.

గుడ్డులో పచ్చసొనకి కావాల్సిన కొవ్వు తయారయ్యేది కార్జంలోనే. పిండిపదార్థం అవసరానికి మించి పడితే ఆ కొవ్వు బయటికి పోయేదాని కన్నా లోపల పేరుకునేదే ఎక్కువవుతుంది. అందులోనూ తిరగడానికి చోటు లేని డాబా గూళ్లలో మరీను. ఇక ఎండాకాలం సంగతి: కోడికి చెమట పట్టదు, నోరు తెరుచుకుని రొప్పి ఒంట్లో వేడిని బయటికి పంపుకోవాలి. మన విశాఖ గాలిలో తేమకి ఆ రొప్పుడు కూడా సరిగ్గా పనిచెయ్యదు, పైగా ఒంటి మీద కొవ్వు దుప్పటి ఒకటి. అందుకే ఉక్కపోత రోజుల్లో ముందు పోయేవి బొద్దు పెట్టలే.

అపోహ: చూస్తే తెలిసిపోతుంది

తెలీదు. ఈకల కింద ఏముందో నాకూ తెలీదు, 20 ఏళ్లుగా కోళ్లు పెంచుతున్నవాళ్లకీ తెలీదు. తడిమి చూడాల్సిందే.

రాత్రి పెట్టలు గూట్లో కునుకుతున్నప్పుడు చూడండి, గోల చెయ్యవు. ఒకదాన్ని నెమ్మదిగా తీసి, రెక్కలు కదలకుండా చంకలో ఇరికించుకుని, తల మీ వెనక్కి ఉండేలా పట్టుకోండి. రెండో చెయ్యి రొమ్ము కిందికి పోనిచ్చి, ఈకల్లోంచి వేళ్లు దూర్చి, మధ్యలో నిలువుగా ఉండే రొమ్మెముకని మెడ వైపు నుంచి పొట్ట వైపుకి తడమండి. పెద జాలరిపేట ఒడ్డున బోర్లించిన పడవలు చూశారుగా, అడుగున మధ్యలో ఒక గట్టు ఉంటుంది, అటూ ఇటూ వాలుగా చెక్కలు. రొమ్ము కూడా సరిగ్గా అలాంటిదే. గట్టు కత్తిలా గుచ్చుకుని, రెండు పక్కలా కండ లోపలికి పీక్కుపోయి ఉంటే ఎముకలగూడే, 0 నుంచి 3 దాకా మార్కులేస్తే దీనికి 0. గట్టు స్పష్టంగా తగులుతూ కాస్త కండ ఉంటే 1. గట్టు తగులుతుంది కానీ గుచ్చుకోదు, పక్కల కండ నిండుగా ఉబ్బి ఉంటుంది, అది 2. గట్టు కోసం వెతుక్కోవాల్సి వస్తే, రొమ్మంతా గుండ్రంగా ఉంటే 3. గుడ్లు పెట్టే పెట్ట 2 దగ్గర ఉంటే నాకు సంతోషం. జోరుగా గుడ్లు పెడుతున్నది కొంచెం 1 వైపుకి వాలినా కంగారు పడను. 0 అయినా 3 అయినా మాత్రం కారణం వెతకాలి.

అదే చేత్తో ఇంకోటి చూడండి. గుడ్డు బయటికొచ్చే చోటుకి రెండు పక్కలా సన్నటి పుల్లల్లాంటి ఎముకలుంటాయి. గుడ్లు పెడుతున్న పెట్టకి వాటి మధ్య రెండు మూడు వేళ్లు పడతాయి, ఎముకలు పల్చగా, వంగేలా తగులుతాయి. అవే మందంగా, బిరుసుగా ఉండి చుట్టూ మెత్తటి దిండులా తగిలితే అది కొవ్వే.

రొమ్మెముక వంకర తిరిగి ఉందని కొందరు భయపడతారు. గుడ్ల కోళ్లలో ఆ ఎముక వంగడం, విరిగి అతుక్కోవడం తరచూ చూసేదే. అది బక్కతనం కాదు, కండ సంగతి విడిగా చూసుకోవాలి.

అపోహ: ఏ పెట్టకైనా రెండు కిలోలు ఉండాలి

ఏ పెట్ట? మన నాటు పెట్ట 1.2 నుంచి 1.5 కిలోలుంటే నిండుగా ఉన్నట్టే, కడక్‌నాథ్‌దీ ఇంచుమించు అంతే. అసీల్ పెట్ట రెండు కిలోలు దాటుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో తయారైన వనరాజా, గ్రామప్రియ రకాలు రెండూ మన పెరళ్లలో కనిపిస్తాయి కానీ రెండూ ఒకటి కాదు. వనరాజా ఒళ్లు చేసే రకం, గ్రామప్రియ గుడ్ల కోసం చేసింది కాబట్టి తేలిగ్గా ఉంటుంది. గ్రామప్రియను వనరాజా పక్కన పెట్టి "ఇది ఎదగట్లేదు" అని దానికి ఎక్కువ మేపేవాళ్లను చూశాను, ఏం చెప్పాలి!

కాటా వద్దనట్లేదు, కూరగాయల సంచికి వాడే వేలాడే కాటా చాలు. పొద్దున్నే, మేత వెయ్యకముందే తూచండి, ఎందుకంటే మెడ కింద ఉండే మేతసంచి నిండితే అదీ, కడుపులో ఉన్న గుడ్డూ కలిసే 100 గ్రాములు దాటిపోతాయి. ఆ అంకెను పక్కింటి కోడితో పోల్చకండి, అదే పెట్ట పోయిన నెల బరువుతో పోల్చండి. రెండు మూడు వారాల్లో పదో వంతు తగ్గిందంటే నాకు ఫోన్ చెయ్యండి.

అపోహ: బక్కచిక్కితే మేత పెంచాలి

ముందు ఆ పెట్టకి మేత అందుతోందా? పావుగంట కూర్చుని చూడండి. గుంపులో పెత్తనం చేసే పెట్ట ఒకటుంటుంది, అది మిగతావాటిని పొడిచి తరిమేస్తుంది. రెండో గిన్నె దూరంగా పెడితే సగం కేసులు అక్కడే తీరిపోతాయి. అప్పటికీ తేరుకోకపోతే ఏలికపాములు అనుకోవాలి. తడి నేల మీద తిరిగే కోళ్లకి, ముఖ్యంగా వానాకాలంలో, ఇది మామూలే. రెట్ట శాంపిల్ పశువైద్యశాలకి తీసుకెళ్లి చూపించాకే మందు వెయ్యండి, ఆ మందుకి ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో కూడా అడగండి. కుంటుతూ చిక్కిపోతుంటే మారెక్స్ అనే వైరస్ జబ్బు కావచ్చు, మేతతో బాగయ్యేది కాదు. పొదుగుడుకి కూర్చున్న పెట్ట తగ్గితే మాత్రం టెన్షన్ వద్దు, రోజుకి ఒకసారి లేచి తింటుంది, తగ్గడం సహజం.

అపోహ: పొట్ట పెద్దదైంది, బాగా తింటోంది

పొట్ట నీళ్ల ప్యాకెట్టులా ఊగుతూ, రొమ్మెముక కత్తిలా ఉంటే అది తిండి కాదు, నీరు. పచ్చసొన దారి తప్పి కడుపులో పడి చీము పట్టినా, కణితి ఉన్నా ఇలాగే అవుతుంది. కాటా మీద బరువు బాగానే చూపిస్తుంది, మోసపోయేది అక్కడే. వెంటనే డాక్టరుకి చూపించండి.

అపోహ: కొవ్వెక్కితే రెండ్రోజులు పస్తు పెడితే సరి

వద్దు. పస్తు పెడితే ముందు ఆగేది గుడ్డు, తర్వాత ఈకలు రాల్చేస్తుంది, కొవ్వు పట్టిన కార్జానికి అది ఇంకా భారం. మేత తగ్గించకండి, మార్చండి. నూకలు, అన్నం చిరుతిండిలా సాయంత్రం ఒక గుప్పెడు, అంతే. మిగతాదంతా లేయర్ మేత, అంటే గుడ్ల కోళ్ల కోసం చేసే మేత. అందులో 16 నుంచి 18 శాతం మాంసకృత్తులు, 3.5 నుంచి 4 శాతం కాల్షియం ఉంటాయి. బ్రాయిలర్ మేత చవగ్గా దొరికిందని వెయ్యకండి, అది ఒళ్లు పెంచడానికి చేసింది. గుడ్డు పెంకుకే రోజుకి దాదాపు 2 గ్రాముల కాల్షియం పోతుంది కాబట్టి ఆల్చిప్పల నూక విడిగా ఒక చిప్పలో పెట్టండి, కావాల్సినంత అవే ఏరుకుంటాయి. తోటకూర కట్టని పెట్ట తలకి జానెడు పైన తాడుతో వేలాడదీయండి, ఎగిరి ఎగిరి పొడుస్తుంది. మేత గింజలు కొన్ని ఎండుటాకుల్లో చల్లితే గీరుకుంటూ అరపూట గడిపేస్తుంది. ఎండలు ముదిరినప్పుడు మేత తెల్లవారుజామునా సాయంత్రం చల్లబడ్డాకా వెయ్యండి.

గోపాలపట్నం పెద్దావిడ ఇంట్లో మిగిలిన మూడు పెట్టలకీ ఇదే చేయించాను. నెలన్నర తర్వాత ఒక రాత్రి వెళ్లి తడిమితే రెండింటికి రొమ్మెముక మళ్లీ వేలికి తగిలింది. మూడోది ఇంకా గుండ్రంగానే ఉంది. "దానికి జంతికలు ఎవరు పెడుతున్నారమ్మా?" అనడిగితే ఆవిడ మనవడి వైపు చూశారు, వాడేమో గోడ వైపు చూశాడు.