గైడ్ కంపెనీ అంటే పంద్రాగస్టు కవాతు కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

స్కౌట్స్ అండ్ గైడ్స్‌లోని ఆడపిల్లల గైడింగ్ ప్రస్తావన వస్తే చాలామంది "తెలుసులెండి, మెడకు స్కార్ఫ్ కట్టుకుని కవాతు చేస్తారు కదా" అంటారు. గైడ్ కెప్టెన్‌గా ఒక కంపెనీని, అంటే గైడ్ల దళాన్ని, నడుపుతున్న నాకు ఆ మాట కొత్త కాదు, దానికి కోపమూ రాదు, ఎందుకంటే ఊరివాళ్లకు మేము కనబడేది ఎక్కువగా జెండా పండుగ రోజునే. తక్కిన ఏడాదంతా జరిగే పని తెలియకపోవడం వల్ల పుట్టిన అపోహలను ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

అపోహ: గైడింగ్ అంటే మగపిల్లల స్కౌటింగ్‌కు తోక.

వాస్తవం: 1909లో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో స్కౌట్ల సమ్మేళనం జరిగినప్పుడు కొందరు అమ్మాయిలు పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి, తామూ స్కౌట్లమేనని నిలబడ్డారు. వాళ్లను ఎవరూ చేర్చుకోలేదు, తమంతట తామే జట్లు కట్టుకున్నారు. ఆ పట్టుదల ఫలితంగానే 1910లో గైడ్ సంస్థ ఏర్పడి, స్కౌటింగ్ స్థాపకుడు బేడెన్ పావెల్ చెల్లెలు ఆగ్నెస్ దాని బాధ్యత తీసుకున్నారు. 1928 నుంచి గైడ్లకు స్కౌట్లతో నిమిత్తం లేని సొంత ప్రపంచ సంఘం ఉంది, ఆ సంఘం నడిపే అంతర్జాతీయ కేంద్రాలలో ఒకటైన 'సంగం' 1966 నుంచి మన పుణెలోనే ఉంది. మన దేశంలో రెండూ ఒకే సంస్థ గొడుగు కింద ఉన్నా, గైడ్ కంపెనీని నడిపేది మహిళా కెప్టెనే.

అపోహ: ఇది తెల్లవాళ్లు వదిలిపోయిన అలవాటు, మన నేలలో దీనికి వేళ్లు లేవు.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. 1911లో జబల్పూరులో మన దేశపు తొలి గైడ్ కంపెనీ మొదలైనప్పుడు అందులో భారతీయ బాలికలకు చోటు లేదు, అంతకు రెండేళ్ల ముందు బెంగళూరులో మొదలైన స్కౌట్ దళం కూడా తెల్ల పిల్లల కోసం పెట్టినదే. ఆ నిరాకరణే ఇక్కడి ఉద్యమానికి మరో దారి చూపింది. మద్రాసులో అనీ బిసెంట్, ఆమె సహచరుడు అరండేల్ కలిసి భారతీయ పిల్లల కోసం విడిగా స్కౌట్ సంఘాన్ని స్థాపించారు. అలహాబాదులో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ వాజ్‌పేయి 1918లో సేవా సమితి స్కౌట్ సంఘాన్ని నిర్మించారు. పేరులోనే సేవ ఉన్న ఆ సంఘానికి మేళాలకు వచ్చే యాత్రికులను ఆదుకోవడం ముఖ్యమైన పని. 1950 నవంబరు 7న స్కౌట్ సంఘాలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఏర్పడ్డాయి, 1951 ఆగస్టు 15న గైడ్ల సంఘమూ అందులో చేరింది. ఈనాడు పుష్కరాల రేవుల్లో తప్పిపోయిన పిల్లలను తల్లిదండ్రులకు అప్పగించే గైడ్లు చేస్తున్నది ఆ పాత మేళాల పనే.

అపోహ: గైడింగ్, ఎన్‌సీసీ ఒకటే.

వాస్తవం: కావు. ఎన్‌సీసీ 1948 నాటి చట్టంతో ఏర్పడి రక్షణ శాఖ కింద నడుస్తుంది, అందులో ఆయుధ శిక్షణ ఉంటుంది. గైడింగ్ స్వచ్ఛంద ఉద్యమం, ఇందులో ఆయుధాల ఊసే ఉండదు.

అపోహ: ఇది బడి కార్యక్రమం, బడి లేకపోతే కంపెనీ లేదు.

వాస్తవం: ఈ అపోహే మాకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తోంది. బడి పోషణలో నడిచే దళాలతో పాటు, ఏ విద్యాసంస్థకూ చెందకుండా ఒక కాలనీవాళ్లో ఊరివాళ్లో కలిసి నడుపుకునే ఓపెన్ గ్రూపులకు కూడా సంస్థ నియమాలలో చోటు ఉంది. పదేళ్లలోపు పిల్లలు బుల్‌బుల్‌లుగా, ఆ పైబడినవాళ్లు గైడ్లుగా, ఇరవై అయిదేళ్ల వరకు యువతులు రేంజర్లుగా అందులో ఉండవచ్చు. బడి మీదే ఆధారపడ్డ కంపెనీకి ఉన్న ఇబ్బంది ఏమిటంటే, కెప్టెన్ టీచరుకు బదిలీ కాగానే స్కార్ఫులు బీరువాలోకి వెళ్లిపోతాయి, మళ్లీ పంద్రాగస్టుకు రెండు వారాల ముందు గానీ బయటికి రావు. (ఇలాంటి కాగితపు కంపెనీలను చూసి గైడింగ్‌ను అంచనా వేసేవాళ్లను తప్పుపట్టలేం.) ప్రథమ చికిత్స నేర్పడానికి వాడలోని నర్సమ్మ, మంటలార్పడం చూపించడానికి ఫైర్ స్టేషన్ సిబ్బంది, ఆదివారం ఆవరణ తాళం తీసే పెద్దాయన, యూనిఫాం కొలతలు తీసుకునే తల్లి ఉన్న కంపెనీ కెప్టెన్ మారినా నిలుస్తుంది. అందుకే కొత్త కంపెనీలో నేను చేయించే తొలి పనుల్లో ఒకటి పరిసరాల పటం గీయించడం. ఆరుగురి నుంచి ఎనిమిది మంది ఉండే ఒక్కో పెట్రోల్ (కంపెనీలోని చిన్న జట్టు) ఒక్కో దిక్కుకు వెళ్లి ఆసుపత్రి, చేతిపంపు, మూతలేని మ్యాన్‌హోల్, ఒంటరిగా ఉండే వృద్ధుల ఇల్లు గుర్తించి వస్తుంది. ఆ వృద్ధుల ఇంటికి మందులు తెచ్చిపెట్టే వంతు ఎవరిదో, ఏ రోజుదో పెట్రోల్ లీడర్లు కూర్చుని తేల్చుకుంటారు, కెప్టెన్ ఆ చర్చలో సలహాకే పరిమితం కావాలి.

అపోహ: ముడులు, గుడారాలు కాలం చెల్లిన విద్యలు.

వాస్తవం: రీఫ్ ముడినే తీసుకోండి. కుడి కొసను ఎడమ కొస మీదుగా తిప్పి, ఆ తర్వాత ఎడమ కొసను కుడి కొస మీదుగా తిప్పి బిగిస్తే ముడి చదునుగా కూర్చుంటుంది. రెండోసారి కూడా కుడిదాన్నే పైనుంచి తిప్పితే పైకి ముడిలాగే కనబడుతుంది గానీ బరువు పడగానే జారుతుంది. విరిగిన చేతికి త్రికోణపు గుడ్డతో ఊతం కట్టేటప్పుడు ఈ తేడాయే ముఖ్యం. చదునైన ముడి గాయపడ్డ వైపు మెడ పక్క గుంటలో ఒత్తుకోకుండా నిలుస్తుంది, ఆసుపత్రిలో తేలిగ్గా ఊడుతుంది. బోలైన్ ముడితో వేసిన ఉచ్చు ఎంత లాగినా బిగుసుకోదు కాబట్టి నీళ్లలో చిక్కుకున్న మనిషి నడుముకు తాడు వేయాలంటే అదే సరైనది. వాననీళ్లు వాడలోకి వచ్చిన నాడు వీటిని కాలం చెల్లిన విద్యలని ఎవరూ అనరు.

అపోహ: గైడ్ ప్రతిజ్ఞ ఒక మతానికి చెందినది.

వాస్తవం: ప్రతిజ్ఞలో దేవుని పట్ల కర్తవ్యం అనే మాట ఉంది. ఇష్టమైనవాళ్లు ఆ చోట 'ధర్మం' అనుకోవచ్చునని నియమమే చెబుతోంది. గైడ్ నియమాలు తొమ్మిదీ నమ్మకం, స్నేహం, ధైర్యం, పొదుపు, ప్రకృతి ప్రేమ, ప్రజల ఆస్తిని కాపాడడం వంటివే.

అపోహ: సర్టిఫికెట్ వస్తే రైల్వే ఉద్యోగం వచ్చినట్టే.

వాస్తవం: రైల్వేలో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉన్న మాట నిజమే గానీ, అందులోని పోస్టులు బహు తక్కువ, పోటీ పరీక్ష కూడా తప్పదు. పైగా రాష్ట్రపతి పురస్కారం చేతికి రావాలంటే ప్రవేశ్ అనే తొలి మెట్టుతో మొదలుపెట్టి ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలు, రాజ్య పురస్కారం దాటుకుంటూ కొన్నేళ్లు నిలకడగా పనిచేయాలి. కాబట్టి తొమ్మిదో తరగతి చివర్లో వచ్చి "సర్టిఫికెట్ ఎప్పుడిస్తారండీ" అని అడిగే తల్లిదండ్రులకు నేనిచ్చే సమాధానం ఒకటే: అమ్మాయిని రేపటి ఆదివారం పంపండి, తనకు నచ్చితే ఉంటుంది.