దసలి కాయ నుంచి ల్యాబ్ దాకా, అంతా కడుగుడే

మా చెన్నూరు, కోటపల్లి దిక్కు మద్ది చెట్ల మీద దసలి పురుగుల్ని, అంటే అడవి పట్టు పురుగుల్ని, పెంచుతరు, ప్రాణహిత దాటితే గడ్చిరోలి, అక్కడ కూడా ఇదే పని. కాయల్ని, అంటే ఆ పురుగు కట్టిన గూళ్ళని, సోడా నీళ్ళల్ల ఉడకబెట్టి, జిగురు వదిలినంక దారం తీస్తరు. నేను హైదరాబాద్‌ల ఒక బయోమెటీరియల్స్ ల్యాబ్‌ల టెక్నీషియన్‌ని, అంటే దెబ్బతిన్న ఎముక, చర్మం మళ్ళీ పెరగనీకి ఆసరా ఇచ్చే పదార్థాలు తయారుచేసే చోట. ఊరికి పోతే అందరూ "మీరు ల్యాబ్‌ల అవయవాలు పెంచుతరట గదా" అంటరు. పెంచేది మేం కాదు, కణాలే పెరుగుతయి. బీరతీగకి పందిరేసినట్టు మేం ఒక పందిరేస్తం, తీగ నిలబడ్డంక ఆ పందిరి తనంతట తనే కరిగిపోవాలె, తేడా అదొక్కటే. దానికి మా ల్యాబ్‌ల వాడేది కూడా పట్టే, కాకపోతే ఎక్కువగా మల్బరీ ఆకు తినే పురుగుది.

పట్టు దారంల లోపల ఉండేది ఫైబ్రాయిన్ అనే ప్రొటీన్, దాని చుట్టూ సెరిసిన్ అనే జిగురు, మల్బరీ కాయ బరువుల ఇంచుమించు నాలుగో వంతు ఈ జిగురే. ఆపరేషన్ కుట్లకి వాడే నల్ల సిల్కు దారం ఎన్నో ఏండ్ల నుంచి మనుషుల ఒంట్లకి పోతనే ఉంది, కాబట్టి ఫైబ్రాయిన్ మీద డాక్టర్లకి నమ్మకం ఉంది, జిగురు మిగిలి ఉంటేనే ఒళ్ళు వాపుతోటి ఎదురు తిరుగుతదని భయం. అందుకే 5 గ్రాముల కాయల్ని కత్తిరించి, 2 లీటర్ల నీళ్ళల్ల 4.24 గ్రాముల సోడియం కార్బొనేట్ వేసి సరిగ్గా 30 నిమిషాలు మరగబెడ్తం. ఎక్కువసేపు ఉంచితే జిగురుతో పాటు ఫైబ్రాయిన్ గొలుసులు కూడా తెగి పొట్టిగైతయి, తర్వాత చేసే పందిరి బలం పోతది. తీసినంక మంచి నీళ్ళల్ల 20 నిమిషాల చొప్పున మూడుసార్లు కడిగి, పిండి, రాత్రంతా ఆరబెడ్తం, పొద్దుటికి దూదిలెక్క ఉంటది.

ఆ దూదిని 9.3 మోలార్, అంటే బాగ చిక్కటి, లిథియం బ్రోమైడ్‌ల వేసి 60 డిగ్రీల దగ్గర 4 గంటలు ఉంచితే కరిగి తేనె రంగుకొస్తది. చూడనీకి మస్తుగ ఉంటది కానీ లిథియం ఉప్పు ఉన్నంతసేపు అది ఒంట్లకి పనికిరాదు. ఇప్పుడు దాన్ని సన్నటి రంధ్రాల పొరతోటి చేసిన సంచిల పోసి పెద్ద బీకరు నీళ్ళల్ల వేలాడదీస్తం, ఉప్పు బయటికి పోతది, ప్రొటీన్ పెద్దది కాబట్టి లోపలనే ఉంటది. 48 గంటలల్ల ఆరుసార్లు నీళ్ళు మార్చాలె, అందుల ఒకటి రాత్రి పూట పడతది, ఆ డ్యూటీ ఎవరికి పడతదో చెప్పక్కర్లేదు గదా. ఆఖరికి బయటి నీళ్ళ కండక్టివిటీ, అంటే కరెంటు ఎంత పారుతదో, కొలిస్తే ఉప్పు ఇంకా వస్తుందా లేదా తెలుస్తది. ఈ ద్రావణాన్ని గట్టిగ ఊపొద్దు, పిపెట్‌తోటి జోరుగ లాగొద్దు, ఊపితే గొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకడతది, మళ్ళీ వెనక్కి రాదు.

పందిరి చేసే ఒక పద్ధతైతే మరీ విచిత్రం, ఇప్పటిదాకా లిథియం ఉప్పు తీస్తే మళ్ళీ ఉప్పే పోస్తం, ఈసారి కూరల వేసే మామూలు ఉప్పు. జల్లెడ పట్టి 500 నుంచి 600 మైక్రాన్ల (మిల్లీమీటర్‌ల వెయ్యో వంతు ఒక మైక్రాన్) సైజు రేణువులే ఏరుకుని, చిన్న డబ్బాల ద్రావణం పోసి దాని మీద చల్లుతం, ఒకట్రెండు రోజులల్ల పట్టు గట్టిపడతది, తర్వాత ఇంకో రెండు రోజులు నీళ్ళల్ల వేసి ఉప్పంతా కడిగేస్తం. రేణువు ఉన్న చోట రంధ్రం మిగులుతది. ఆ రంధ్రం సైజు ఊరికే పెట్టింది కాదు, ఎముక కోసం చేసేటప్పుడు 300 మైక్రాన్లు దాటితే లోపలికి రక్తనాళాలు పెరగనీకి వీలైతది, లేకపోతే బయట కణాలు బాగుండి నడుమ ఉన్నవి ఆక్సిజన్ లేక చస్తయి.

ఇగ సూక్ష్మజీవులు. ఆటోక్లేవ్‌ల, అంటే ప్రెషర్ కుక్కర్ లెక్క ఆవిరి పట్టే మిషన్‌ల, పెడితే బ్యాక్టీరియా చస్తది, కానీ చచ్చినంక కొన్నిటి గోడ ముక్కలు, ఎండోటాక్సిన్ అంటరు, 121 డిగ్రీలకి కూడా పోవు, ఒంట్లకి పోతే జ్వరం తెస్తయి. గాజు సామానునైతే 250 డిగ్రీల పొడి వేడిల 30 నిమిషాలు పెట్టొచ్చు, పట్టుని అట్ల పెడితే మాడిపోతది. కాబట్టి మొదటి రోజు వాడిన నీళ్ళే మంచియి ఉండాలె, వెనక సరిచేసుకుందాం అంటే కాదు. మైకోప్లాస్మా అనే బుల్లి బ్యాక్టీరియా ఇంకో తలనొప్పి, దానికి గోడే లేదు, పెన్సిలిన్ పనిచేయదు, 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌ల నుంచి కూడా జారిపోగలదు, అది చేరినా కణాలకి పోసే పోషక ద్రవం మామూలుగనే గులాబీ రంగుల మెరుస్తుంటది, రిజల్ట్ మాత్రం తప్పొస్తది. అంతా అయినంక కణాల మీద పరీక్ష, కంట్రోల్‌తోటి, అంటే ఆ పదార్థం తగలని కణాలతోటి, పోలిస్తే 70 శాతం కంటే తక్కువ బతికితే ఐఎస్ఓ 10993-5 అనే అంతర్జాతీయ ప్రమాణం లెక్కల ఆ పదార్థం విషం కిందికే వస్తది. రీసెర్చ్ పేపర్లల్ల వచ్చేది ఈ ఆఖరి ముచ్చటే, దాని వెనక బకెట్ల కొద్దీ నీళ్ళు ఎవరికీ కనబడవు.

మరి మన దసలి ఎందుకు వాడరు అని అడుగుతరు. నిజానికి ఒక విషయంల మల్బరీ కంటే అదే మేలు. కణాలు దేన్నన్న పట్టుకోవాలంటే వాటికి ఆర్‌జీడీ అనే మూడు అమైనో ఆమ్లాల (ప్రొటీన్ గొలుసుల పూసల లాంటివి) వరుస బాగ పనికొస్తది, 1984ల రూస్లాటి, పియర్ష్‌బాకర్ అనే సైంటిస్టులు దీన్ని వేరే ప్రొటీన్‌ల కనిపెట్టిన్రు. మల్బరీ ఫైబ్రాయిన్‌ల ఇది లేదు, దసలిల ఉంది. పేచీ ఏందంటే దసలిల అలనీన్ అనే అమైనో ఆమ్లం వరుసలు గట్టిగ అల్లుకుని ఉంటయి, లిథియం బ్రోమైడ్‌కి మల్బరీ లెక్క లొంగదు. ఖరగ్‌పూర్ ఐఐటీల సుభాస్ కుండు బృందం కాయ జోలికి పోకుండ, గూడు కట్టబోయే పురుగు గ్రంథుల నుంచే ప్రొటీన్ తీసింది. కాయనే కరిగించే దారి కూడా కొందరు వెతుకుతున్నరు, అది కుదిరితే పురుగు రెక్కలొచ్చి చీల్చుకుని బయటికొచ్చిన ఓటి కాయలు కూడా పనికొస్తయి, ఎందుకంటే మాకు పొడుగు దారంతోటి పని లేదు.

అయితే అడవిల పెరిగిన కాయకి ఒక పంటకీ ఇంకో పంటకీ తేడా ఉంటది, ఏది ఎక్కడిదో రాసి లేకపోతే ల్యాబ్‌ల అది చెత్త కిందే లెక్క. అందుకే మా పెద్దబాపుకి చెప్పిన, ఓటి కాయల్ని ఏ మద్ది చెట్లవి, ఏ పంటవి అని వేరువేరు సంచులల్ల చిట్టీ పెట్టి ఉంచమని. "అమ్ముడుపోని కాయలకు సుత చిట్టీలా బిడ్డా" అని నవ్విండు, కానీ మొదటి పంట సంచులు కట్టి అటక మీద పెట్టిండు, రెండో పంటవి ఇంకా రావాలె.