పెట్టె తెరిచే వేళకు డబ్బు ఎవరి దగ్గర ఉంది?

2014 అక్టోబరులో, దీపావళి అమ్మకాలు జోరుగా సాగుతున్న రోజుల్లో, ముంబయికి చెందిన ఒక కొనుగోలుదారు ఆన్‌లైన్‌లో శాంసంగ్ ఫోన్ ఆర్డర్ చేస్తే పెట్టెలో గిన్నెలు తోమే సబ్బు బిళ్ల వచ్చింది. ఆయన ఆ ఫొటోలను ఫేస్‌బుక్‌లో పెట్టారు, వేలమంది పంచుకున్నారు, అమ్మకాల వేదిక డబ్బు తిరిగి ఇచ్చింది. ఆ సబ్బు తయారుచేసే కంపెనీ చొరవ తీసుకుని ఆయనకు కొత్త ఫోన్ కూడా పంపింది. ఆ రిఫండ్ వెనుక చట్టం కన్నా రచ్చే ఎక్కువ పనిచేసింది. అదే పెట్టె ఏ నర్సంపేటలోనో, ఫేస్‌బుక్ ఖాతా లేని ఒక పెద్దాయనకు వచ్చి ఉంటే ఆయన డబ్బు ఏమయ్యేదన్న ప్రశ్నకు జవాబు, దాదాపు నూట యాభై ఏళ్లుగా ఒకే విషయం మీద ఆధారపడుతూ వస్తోంది. సరుకు విప్పి చూసుకునే సమయానికి కొన్నవారి డబ్బు ఎవరి చేతిలో ఉంది?

మన దేశంలో ముఖం చూడని అమ్మకందారు దగ్గర సరుకు కొనే పద్ధతిని ఇంటింటికీ తెచ్చింది తపాలా శాఖ. 1877లో మొదలైన వీపీపీ (వాల్యూ పేయబుల్ పోస్ట్) విధానంలో పోస్ట్‌మన్ పార్సిల్‌తో గుమ్మం ముందుకు వస్తాడు, డబ్బు కట్టాకే పార్సిల్ చేతికిస్తాడు, ఆ డబ్బు మనియార్డరుగా అమ్మినవారికి చేరుతుంది. వారపత్రికల చివరి పేజీలు తిరగేసిన తరానికి ఆ ప్రకటనలు గుర్తుండే ఉంటాయి. గళ్లలో అంకెలు నింపి పంపితే సగం ధరకే ట్రాన్సిస్టర్ గెలుచుకున్నారంటూ ఉత్తరం వచ్చేది, వెనకే వీపీపీ వచ్చేది, విప్పితే ఇటుక ముక్కో, చిత్తుకాగితాల చుట్టో ఉండేది. పోస్ట్‌మన్‌ను నిలదీసి లాభం లేదు, ఆయన మోసుకొచ్చినవాడే తప్ప అమ్మినవాడు కాదు. అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1898 నాటి పోస్టాఫీసు చట్టంలోని 35వ సెక్షన్, మోసం జరిగిన సందర్భాల్లో వీపీపీ కింద వసూలైన సొమ్మును ఆపి ఉంచి, పార్సిల్ అందుకున్నవారికి తిరిగి చెల్లించేలా నిబంధనలు చేసుకునే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. మనియార్డరు అమ్మినవారికి చేరేలోగా డబ్బు ఇంకా తమ చేతుల్లోనే ఉన్న ఆ నాలుగు రోజుల విలువను ఆనాటి తపాలా అధికారులు గుర్తించారన్నమాట. ఆ తరువాత వచ్చిన అంతర్జాల వ్యాపారం ఈ పాఠాన్ని ఒకసారి నేర్చుకుని, ఒకసారి మరిచిపోయి, మళ్లీ నేర్చుకుంది.

చట్టం మాత్రం చాలాకాలం కొన్నవారి మీదే భారం వేసింది. 1930 వస్తు విక్రయ చట్టం, చూసి కొనుక్కోవలసిన బాధ్యత కొనేవారిదే అన్న సూత్రాన్ని ప్రధానంగా నిలిపి, కొన్ని మినహాయింపులు మాత్రమే ఇచ్చింది. కళ్లెదుట దుకాణం, చేతిలో సరుకు ఉన్న కాలానికి ఆ సూత్రం ఎంతోకొంత సరిపోతుంది. 1986 డిసెంబరులో వచ్చిన వినియోగదారుల పరిరక్షణ చట్టం జిల్లా ఫోరం నుంచి జాతీయ కమిషన్ దాకా మూడంచెల వ్యవస్థను నిర్మించి, సామాన్యుడు వకీలు లేకుండానే ఫిర్యాదు చేసుకునే దారి వేసింది. కానీ ప్రతివాది ఉన్నచోటో, వివాదానికి మూలమైన సంఘటన జరిగినచోటో కేసు వేయాలన్నది ఆ చట్టంలోని నియమం. అమ్మినవారు ఢిల్లీలోనో సూరత్‌లోనో ఉంటే, గుంటూరులో పార్సిల్ విప్పి మోసపోయిన వ్యక్తి ముందుగా అసలు గుంటూరు ఫోరానికి ఈ ఫిర్యాదు వినే పరిధి ఉందని నిరూపించుకోవలసి వచ్చేది. రెండు వేల రూపాయల మిక్సీ కోసం ఆ వాదనకు దిగేవారు ఎందరుంటారు?

ఆన్‌లైన్ వేలంపాటల తొలి వేదికల్లో ఒకటైన బాజీ డాట్ కామ్‌ను 2004లో ఈబే కొనుగోలు చేసింది. ఆ వేదిక మీద పైసాపే అనే చెల్లింపు పద్ధతి నడిచేది. కొన్నవారి డబ్బును వేదికే తన దగ్గర పెట్టుకుని, సరుకు చేరిన తరువాత అమ్మినవారికి విడుదల చేసేది. పోస్టాఫీసు చట్టం కాగితం మీద రాసుకున్నదాన్ని ఒక వ్యాపార సంస్థ తన స్వప్రయోజనం కోసమే అయినా ఆచరణలో పెట్టింది. మన దేశంలో ఆన్‌లైన్ రిఫండ్ చరిత్ర మొదలుపెట్టవలసింది ఇక్కడి నుంచేనని నా అభిప్రాయం.

అదే ఏడాది డిసెంబరులో, ఆ వేదిక మీద ఎవరో ఒక అశ్లీల వీడియోను అమ్మకానికి పెట్టిన కేసులో సంస్థ సీఈఓ అవనీశ్ బజాజ్‌ను ఢిల్లీ పోలీసులు అరెస్టు చేశారు. ఎవరో అమ్మిన దానికి వేదిక నడిపేవారిని జైల్లో పెట్టడమేమిటన్న చర్చ దేశమంతటా జరిగింది. 2008లో ఐటీ చట్టాన్ని సవరించినప్పుడు, 'మధ్యవర్తి' అన్న నిర్వచనంలోకి ఆన్‌లైన్ వేలం సైట్లను, ఇతరులు సరుకు అమ్ముకోవడానికి చోటిచ్చే ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లను పేరుపెట్టి చేర్చి, 79వ సెక్షన్ కింద వాటికి షరతులతో కూడిన రక్షణ ఇచ్చారు. వీడియో కేసు నుంచి పుట్టిన ఆ రక్షణే, తరువాతి కాలంలో నకిలీ చెప్పుల కేసులోనూ పగిలిన టీవీ కేసులోనూ 'మేం మధ్యవర్తులం మాత్రమే' అన్న జవాబుగా వినియోగదారుల ముందుకు వచ్చి నిలబడింది.

దీనికి మరో పొర విదేశీ పెట్టుబడుల నియమాలు. 2007లో పుస్తకాలు అమ్ముతూ మొదలైన ఫ్లిప్‌కార్ట్, 2010లో క్యాష్ ఆన్ డెలివరీ తెచ్చి, కార్డు లేనివారిని కూడా ఆన్‌లైన్ కొనుగోళ్లలోకి దించింది. నిజానికది వీపీపీకి కొత్త పేరు. విదేశీ పెట్టుబడి ఉన్న కంపెనీలు సొంత సరుకును నేరుగా వినియోగదారులకు ఆన్‌లైన్‌లో అమ్మడానికి వీల్లేకపోవడంతో, 2013లో ఫ్లిప్‌కార్ట్ మార్కెట్‌ప్లేస్ పద్ధతికి మారింది, అదే ఏడాది జూన్‌లో అమెజాన్ కూడా అదే పద్ధతిలో ఇక్కడ అడుగుపెట్టింది. 2016 మార్చిలో కేంద్రం జారీచేసిన ప్రెస్ నోట్ 3 ఈ పద్ధతికి నూరు శాతం విదేశీ పెట్టుబడిని అనుమతిస్తూనే, సరుకు వారంటీ, గ్యారంటీల బాధ్యత, అమ్మకం తరువాత కొన్నవారిని సంతృప్తిపరచే బాధ్యత విక్రేతవే అని స్పష్టంగా రాసింది. చిన్న వ్యాపారులను కాపాడాలన్న ఉద్దేశంతో గీసిన గీత, కొన్నవారికీ బాధ్యత వహించవలసినవారికీ మధ్య అడ్డుగోడగా మారింది. తెర మీద ఒక పెద్ద పేరు కనిపిస్తుంది, బిల్లు మీద ఎప్పుడూ వినని ట్రేడర్స్ పేరు ఉంటుంది, ఆ ట్రేడర్స్ చిరునామా కోసం వెతికితే మూసిన షట్టర్ కనిపించవచ్చు.

ఈ గోడలో కిటికీ తెరిచింది 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం. అది 2020 జులైలో అమల్లోకి వచ్చింది, దాని కింద అదే నెల 23న ఈ-కామర్స్ నిబంధనలు వెలువడ్డాయి. కొన్నవారు తాము నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చన్న ఒక్క మార్పుతో గుంటూరు కష్టం చాలావరకు తీరింది. నిబంధనల ప్రకారం ప్రతి వేదికా ఒక ఫిర్యాదుల అధికారిని నియమించి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. మోసపోయినవారు రాతపూర్వకంగా అడిగితే విక్రేత ప్రధాన కార్యాలయం, శాఖల చిరునామాలతో సహా వివరాలు ఇవ్వాలి. ఈ చివరి హక్కును వాడుకునేవారు తక్కువగా కనిపిస్తారు, కానీ వినియోగదారుల కమిషన్‌కు వెళ్లదలచినవారికి మొదట కావలసినది అదే. లోపమున్న, నకిలీదైన, చూపించినదానికి భిన్నమైన సరుకును వెనక్కి తీసుకోనని విక్రేత చెప్పడానికి వీల్లేదు. 2021 జూన్‌లో ప్రభుత్వం ఇంకో అడుగు వేయబోయింది. విక్రేత నిర్లక్ష్యం వల్ల సరుకు అందక కొన్నవారు నష్టపోతే వేదికే పూచీ పడాలన్న ప్రతిపాదనను ముసాయిదాలో పెట్టింది. వ్యాపార వర్గాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి, ఆ ముసాయిదా తుది రూపం దాల్చలేదు.

ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా రిఫండ్ ఇప్పించే ప్రయత్నం కూడా ఒకటి జరిగింది. తప్పనిసరి నాణ్యతా ప్రమాణాలు లేని ప్రెషర్ కుక్కర్లు అమ్మడానికి చోటిచ్చారని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 ఆగస్టులో అమెజాన్‌కు, ఫ్లిప్‌కార్ట్‌కు చెరో లక్ష రూపాయల జరిమానా వేసింది. అమెజాన్ మీదుగా అమ్ముడైన 2,265 కుక్కర్లు, ఫ్లిప్‌కార్ట్ మీదుగా అమ్ముడైన 598 కుక్కర్లు కొన్నవారికి సమాచారమిచ్చి, సరుకు వెనక్కి తీసుకుని, డబ్బు చెల్లించాలని ఆదేశించింది. రెండు సంస్థలూ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. జరిమానా మొత్తం వాటికి లెక్కలోకి వచ్చేది కాదు, వాటిని కోర్టు మెట్లెక్కించింది పూచీ ఎవరిదన్న ప్రశ్నే అయి ఉండాలి.

డబ్బు ఎక్కడ ఆగాలన్న విషయంలో రిజర్వు బ్యాంకు 2020 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాలు, పైసాపే ఆలోచననే నియమంగా మార్చాయి. కొన్నవారి నుంచి వ్యాపారుల తరఫున సొమ్ము వసూలు చేసే చెల్లింపు సంస్థలు దాన్ని బ్యాంకులోని ఎస్క్రో ఖాతాలో, అంటే ఇతరుల సొమ్మును విడిగా ఆపి ఉంచే ఖాతాలో, ఉంచాలి, రిఫండును మామూలుగా డబ్బు వచ్చిన మార్గంలోనే తిరిగి పంపాలి. క్రెడిట్ కార్డుతో కొన్నవారికి కార్డు నెట్‌వర్కుల నియమాల కింద చార్జ్‌బ్యాక్ అనే దారి, అంటే కార్డు ఇచ్చిన బ్యాంకు ద్వారా చెల్లింపును వెనక్కి రప్పించుకునే వీలు, కూడా ఉంది. అందుకే పెద్ద వేదిక లోపల, వేదిక చెప్పిన పద్ధతిలోనే చెల్లించి, రిటర్న్ గడువు దాటకముందే అడిగినవారికి నేడు డబ్బు తిరిగి రావడం అంత కష్టం కాదు.

కష్టమంతా వేదిక బయట ఉంది. 2016లో వచ్చిన యూపీఐ డబ్బును రెప్పపాటులో అవతలి ఖాతాలో వేస్తుంది. వీపీపీలో మనియార్డరు తిరిగే నాలుగు రోజులు, పైసాపేలో సరుకు చేరే వారం రోజులు ఇక్కడ లేవు. పాత సామాన్ల అమ్మకాల సైట్లలో, తాను సైనికుడినని, బదిలీ అయి వెళ్లిపోతున్నానని చెప్పి స్కూటర్ చవకగా చూపించి అడ్వాన్సు లాగే ముఠాల మీద హైదరాబాద్ పోలీసులు ఏళ్లుగా కేసులు నమోదు చేస్తూనే ఉన్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో చీరల పేజీలు మరో రకం. మా పక్కింటావిడ అలాంటి ఒక పేజీలో మంగళగిరి పట్టుచీర చూసి 2,350 రూపాయలు ఫోన్‌లో పంపారు. 'మేడమ్, ప్యాకింగ్ అయింది, కొరియర్ చార్జీ 180 వేయండి' అన్న సందేశం వస్తే అదీ వేశారు. మర్నాటికి పేజీ లేదు. ఆవిడ ముందు బ్యాంకుకు వెళ్లారు. ఖాతాదారుకు తెలియకుండా సొమ్ము పోతే, మూడు పనిదినాల్లో చెప్పినవారికి నష్టం ఉండకూడదని రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఉత్తర్వు ఒకటుంది. కానీ పిన్ కొట్టింది ఆవిడే కాబట్టి అది తనకు వర్తించదని అక్కడే తెలిసింది.

ఇలాంటివారి కోసమే 2021 ఏప్రిల్‌లో కేంద్రం సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే 155260 ఫోన్ నంబరు తెచ్చింది, తరువాత అది 1930గా మారింది. ఫిర్యాదు నమోదు కాగానే డబ్బు చేరిన ఖాతాకు, అక్కడి నుంచి మళ్లించిన ఖాతాలకు సమాచారం వెళ్లి, మిగిలిన సొమ్మును బ్యాంకులు ఆపుతాయి. పోస్టాఫీసు చట్టం 35వ సెక్షన్ తలచినదే ఇది, అయితే గంటల మీద ఆట. ఆపిన సొమ్ము కూడా దానంతటదే తిరిగి వచ్చేది కాదు, మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలసి వచ్చేది. చిన్న మొత్తాలు పోగొట్టుకున్నవారు కోర్టు చుట్టూ తిరగలేక వదిలేస్తుండడంతో, 2024లో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో, రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థ కలిసి లోక్ అదాలత్‌ల ద్వారా ఈ సొమ్మును తిరిగి ఇప్పించడం మొదలుపెట్టాయి.

పక్కింటావిడ 1930కి ఫోన్ చేసింది మోసం జరిగిన మూడో రోజు. అవతలివారు ముందుగా అడిగింది పన్నెండు అంకెల లావాదేవీ నంబరు. ఆమె కళ్లజోడు పెట్టుకుని ఫోన్‌లోంచి ఒక్కో అంకే చదివి చెప్పారు, రెండు చెల్లింపులకు రెండుసార్లు. కొన్నాళ్లకు వచ్చిన సమాచారం ప్రకారం ఆ ఖాతాలో ఆపగలిగిన మొత్తం 180 రూపాయలు, అంటే కొరియర్ చార్జీ.