ఒంటరి బాస్ యోధుడు: డీఎంలు నమ్మే అపోహలు, అసలు లెక్కలు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే కథల ఆట. కథ నడిపేదీ శత్రువులను ఆడించేదీ డీఎం (డంజన్ మాస్టర్), మిగతా ఆటగాళ్ల పాత్రల జట్టే పార్టీ. కింది అంకెలు ఆ ఆట 5వ ఎడిషన్‌వి, అందులోనూ 2014 నియమాలవి. వేరే నియమాల సంగతి వచ్చినచోట విడిగా చెప్పాం.

అపోహ: విలన్ గట్టివాడైతే ఒక్కడే పార్టీ మొత్తాన్నీ నిలువరిస్తాడు.

వాస్తవం: చలిచీమలకు చిక్కిన పాము గతే పడుతుంది. గ్లాడియేటర్‌ను తీసుకోండి. సీఆర్ (శత్రువు కష్టం స్థాయి) 5, ఏసీ (దెబ్బ తగలాలంటే చేరాల్సిన అంకె) 16, హెచ్‌పీ (ప్రాణబలం) 112, టర్న్‌కు (తన వంతుకు) మూడు ఈటె పోట్లు. ఎదురుగా 5వ లెవెల్ వాళ్లు నలుగురున్నారు. గ్రేట్‌స్వోర్డ్ పట్టిన ఫైటర్‌కు దాడిలో +7 ఉంటే ఇరవై ముఖాల పాచిక మీద 9 పడితే చాలు, అంటే 60 శాతం. దెబ్బకు సగటున 11, టర్న్‌కు రెండు దెబ్బలు. తప్పినవి తీసేస్తే రౌండ్‌కు (అందరి వంతులూ ఒకసారి అయ్యేసరికి) 13 లెక్క. మిగతా ముగ్గురూ తలా పది లాగినా మూడో రౌండ్‌లో గ్లాడియేటర్ నేలకరుస్తాడు. ఈలోపు ఏసీ 18 ఉన్న ఫైటర్‌కు అతను తగిలించేది రౌండ్‌కు 16, 17 మాత్రమే.

హోల్డ్ పర్సన్ (మనిషిని స్తంభింపజేసే స్పెల్, అంటే మంత్రం) పడితే అదీ ఉండదు. దాన్ని తప్పించుకోవడానికి వేసే పాచికకు, అంటే విజ్‌డమ్ సేవ్‌కు, గ్లాడియేటర్ కలుపుకునేది +1. స్పెల్ డీసీ (సేవ్ చేరాల్సిన అంకె) 15 అయితే తప్పించుకోవడానికి 14 పడాలి, 35 శాతమే. స్తంభించిపోయిన వాడికి ఐదడుగుల లోపు నుంచి తగిలిన ప్రతి దెబ్బా క్రిటికల్ (నష్టం పాచికలు రెట్టింపు).

ఇక్కడ లోపం బలంలో లేదు, టర్న్‌ల సంఖ్యలో ఉంది. వాళ్లకు నాలుగు, ఇతనికి ఒకటి. అందుకని మూడు లెజెండరీ యాక్షన్లు (తన వంతు కానప్పుడు చేసే అదనపు పనులు) ఇవ్వండి. వేరొకరి టర్న్ ముగియగానే ఒక్కొక్కటి వాడతాడు, తన టర్న్ మొదట్లో మూడూ తిరిగొస్తాయి. యోధుడికి సరిపోయేవి ఇవి: ఆపర్చునిటీ అటాక్ (దూరంగా జరుగుతుంటే శత్రువు కొట్టే దెబ్బ) పడకుండా సగం వేగంతో జరగడం, ఒక పోటు, రెండు యాక్షన్ల ఖర్చుతో అనుచరుడి చేత రియాక్షన్‌గా (వంతు కాకుండానే) ఒక దెబ్బ కొట్టించడం. ఇది బరువనిపిస్తే ఇనిషియేటివ్‌లో (వంతుల వరుసలో) అతనికి రెండు చోట్లు ఇవ్వండి, రెండోది పది అంకెలు కింద. అప్పుడు స్పెల్ ప్రభావాల గడువును మొదటి టర్న్‌తోనే లెక్కపెడతామని ముందే చెప్పండి. లేకపోతే హోల్డ్ పర్సన్ సేవ్ రౌండ్‌కు రెండుసార్లు వేయాలా అని ఆట మధ్యలో పేచీ వస్తుంది.

అపోహ: పోరు తేలికైతే ఏసీ, హెచ్‌పీ పెంచేస్తే సరి.

వాస్తవం: ఏసీని 16 నుంచి 21 చేస్తే ఆ ఫైటర్‌కు తగిలే అవకాశం 60 నుంచి 35 శాతానికి పడిపోతుంది. బల్ల చుట్టూ వినిపించేది 'తప్పింది, తప్పింది' అన్న మాటే. హెచ్‌పీ రెట్టింపు చేస్తే చూసిన పోరునే ఇంకోసారి చూస్తారు. దెబ్బ పెంచడం ఇంకా ప్రమాదం. కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) 14 ఉన్న 5వ లెవెల్ విజర్డ్‌కు సగటు లెక్కన ఉండేది 32 హెచ్‌పీ. ఒక్క పోటుకు 40 అంటే ఆ ఆటగాడు మిగతా సాయంత్రమంతా డెత్ సేవ్‌లు (పడిపోయినవాడు బతుకుతాడా అని వేసే పాచికలు) వేసుకుంటూ కూర్చోవాలి. ఒక్క దెబ్బ పార్టీలో అందరికంటే బలహీనుడి హెచ్‌పీలో సగం దాటకుండా చూసుకోండి.

పోరు మధ్యలో మలుపు ఉండాలి. హెచ్‌పీ 56కు దిగగానే గ్లాడియేటర్ డాలు విసిరేసి ఈటెను రెండు చేతులా పడతాడు. ఏసీ 14 అవుతుంది, పోటు సగటు 11 నుంచి 13కు పెరుగుతుంది. ఈ అంకెలన్నీ అతని స్టాట్ బ్లాక్ (బలాబలాల పట్టిక) నుంచి వచ్చేవే. ఫైటర్‌కు తగిలే అవకాశం 70 శాతానికి పెరుగుతుంది కాబట్టి పోరు రెండువైపులా వేగం అందుకుంటుంది. డాలు విసిరిన సంగతి మాత్రం గట్టిగా వర్ణించండి, ఏసీ తగ్గిందని ఆటగాళ్లకు తెలియాలి.

అపోహ: సీఆర్ 5 అంటే 5వ లెవెల్ పార్టీకి సరిజోడు.

వాస్తవం: పోరు కష్టాన్ని శత్రువుల ఎక్స్‌పీతో (ఓడిస్తే వచ్చే అనుభవ పాయింట్లతో) కొలుస్తారు. 5వ లెవెల్ నలుగురికి మీడియం గీత 2000 ఎక్స్‌పీ, హార్డ్ 3000, డెడ్లీ 4400. సీఆర్ 5 విలువ 1800, మీడియం కూడా కాదు. అదే ఇద్దరు గ్లాడియేటర్లను పెడితే 3600, ఇద్దరు కాబట్టి ఒకటిన్నరతో గుణిస్తే 5400. ఒకడు తేలిక, ఇద్దరు ప్రాణాంతకం! ఈ గుణకాన్ని 2024 నియమాల్లో తీసేశారు.

పైగా రోజుకు ఆరు నుంచి ఎనిమిది మీడియం, హార్డ్ పోరాటాలు జరుగుతాయన్న అంచనా మీద కట్టిన లెక్క ఇది. పొద్దున్నే లేచి నేరుగా బాస్ గదిలోకి వెళ్లిన పార్టీ దగ్గర స్పెల్ స్లాట్లన్నీ (స్పెల్స్ వేసే కోటా మొత్తం) ఉంటాయి. ముందు రెండు పోరాటాలైనా పెట్టండి, వాటి మధ్య లాంగ్ రెస్ట్‌కు (ఆ కోటా తిరిగొచ్చే సుదీర్ఘ విశ్రాంతికి) వీల్లేకుండా.

పాత్‌ఫైండర్ అనే ఇలాంటి మరో ఆట రెండో ఎడిషన్ నుంచి వచ్చినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. అక్కడ పార్టీ కంటే రెండు లెవెల్స్ ఎక్కువున్న ఒంటరి శత్రువు మోడరేట్, మూడైతే సివియర్, నాలుగైతే ఎక్స్‌ట్రీమ్. డీసీ కంటే 10 ఎక్కువ వస్తే క్రిటికల్ కాబట్టి లెవెల్ తేడా నేరుగా ఒంటికి తగులుతుంది. ఆ అలవాటుతో ఇక్కడ బాస్‌ను తయారు చేస్తే చప్పగా తేలతాడు.

అపోహ: తట్టుకోలేని శత్రువైతే ఆటగాళ్లే పారిపోతారు.

వాస్తవం: పారిపోరు, నియమాలూ పారిపోనివ్వవు. ఇద్దరి వేగమూ 30 అడుగులే అయితే, డాష్ చేసినా (ఆ వంతు దాడి మానేసి పరుగెత్తినా) శత్రువూ డాష్ చేసి పక్కకొచ్చి నిలబడతాడు. వదిలి వెళ్తుంటే ఆపర్చునిటీ అటాక్ ఒకటి. పడిపోయిన మిత్రుణ్ని వదిలేసి ఎవరూ కదలరు. బల్ల మీద పెట్టిన శత్రువును ఎలాగో ఓడించవచ్చనే అందరి నమ్మకం కూడా.

కాబట్టి హెచ్చరిక ఇనిషియేటివ్ వేయకముందే అందాలి, అదీ అంకెలతో. "నీకు 22 వచ్చినా అతని కవచం మీద జారిపోతుంది" అంటే ఎవరికైనా అర్థమవుతుంది. 'భయంకరంగా ఉన్నాడు' అంటే అది అలంకారం అనుకుంటారు. పరుగు మొదలవగానే మామూలు పోరు ఆపి డీఎం గైడ్‌లోని ఛేజ్ నియమాలకు మారండి. అందులో పరుగెత్తేవాళ్లూ తరిమేవాళ్లూ ఒకరి మీద ఒకరు ఆపర్చునిటీ అటాక్‌లు చేయలేరు. 3కు కాన్‌స్టిట్యూషన్ మాడిఫయర్ కలిపినన్ని డాష్‌లు స్వేచ్ఛగా చేయొచ్చు, ఆ తర్వాత అలసట చెక్.

అపోహ: బాస్‌కు కంట్రోల్ స్పెల్స్ (హోల్డ్ పర్సన్ లాంటి కట్టిపడేసేవి) అన్నీ పనిచేయకుండా చేయాలి.

వాస్తవం: అలా చేస్తే స్పెల్ వేసేవాళ్లకు పని ఉండదు. అలాగని వదిలేయలేం, స్తంభించినవాడికి లెజెండరీ యాక్షన్లూ పనిచేయవు మరి. రోజుకు మూడు లెజెండరీ రెసిస్టెన్స్‌లు (తప్పిన సేవ్‌ను నెగ్గినట్టు మార్చుకునే వీలు) చాలు. వాడిన ప్రతిసారీ కవచం మీది ఒక ముద్ర పగిలినట్టు చెప్పండి. ఇంకా రెండే మిగిలాయని తెలిస్తే స్లాట్ వృథా అయిందన్న బాధ ఉండదు.

అపోహ: విలన్ చివరి ఊపిరిదాకా పోరాడాలి.

వాస్తవం: 1981 బేసిక్ నియమాల్లోనే దీనికి ఐచ్ఛిక పద్ధతి ఉంది. తమవైపు మొదటి చావు పడ్డప్పుడు, సగంమంది పడిపోయినప్పుడు రెండు ఆరు ముఖాల పాచికలు వేస్తారు. మొరేల్ అంకె (ఆ శత్రువు ధైర్యానికి కొలత) దాటితే శత్రువు వెనక్కి తగ్గుతాడు లేదా లొంగిపోతాడు. యోధుడికి టెలిపోర్ట్ ఉండదు కనుక దారి ముందే మ్యాప్ మీద గీయండి: కట్టేసిన గుర్రం, 60 అడుగుల దూరంలో తలుపు, దాన్ని కాసే ఇద్దరు విలుకాళ్లు. ఆటగాళ్లు ఆ తలుపు మూసేస్తే అతను చావాల్సిందే. తర్వాతి కథకు అతను కావాలని హెచ్‌పీ రహస్యంగా పెంచకండి. ఉపసేనాపతి పేరు ముందే రాసిపెట్టుకుంటే ఆ అవసరమే రాదు.