మూటగట్టిన రాగులు, మూతి ముడిచే పాపాయి

ఆరు నెలలు నిండిన బిడ్డకు తల్లిపాలతో పాటు ఏం పెట్టాలని అనంతపురం పల్లెల్లో ఏ అవ్వను అడిగినా ముందు రాగుల డబ్బా వైపే చెయ్యి చూపిస్తుంది. రాగులను కడిగి రాత్రంతా నానబెట్టి, పొద్దున నీళ్లు వంచేసి, తడి నూలుగుడ్డలో మూటగట్టి వంటింటి మేకుకు తగిలిస్తారు. ఎండాకాలమైతే మరునాటికి, చలికాలమైతే ఆ తర్వాతి రోజుకు మూటలో తెల్లని మొలకలు కనిపిస్తాయి. వాటిని ఆరబెట్టి, సన్నసెగ మీద కొద్దిగా వేయించి, విసిరి, జల్లించి ఉగ్గుకు దాచుకుంటారు. మొలక కడితే పిండికి బలం వస్తుందని అవ్వలు అంటారు. పిండిలో కొత్తగా కేలరీలేమీ చేరకపోయినా ఆ మాట నిజమే.

పసిబిడ్డ కడుపు చాలా చిన్నది. బరువులో కిలోకు 30 మిల్లీలీటర్ల చొప్పున లెక్క వేస్తే, ఏడు కిలోల బిడ్డకు ఒక్కసారికి పట్టేది సుమారు 200 మిల్లీలీటర్లు. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో తల్లిపాలు కాక ఇతర ఆహారం ద్వారా రోజుకు దాదాపు 200 కిలో కేలరీలు అందాలి. చిక్కు ఇక్కడే వస్తుంది. పిండి ఉడికేటప్పుడు అందులోని గంజి (స్టార్చ్, అంటే పిండిపదార్థం) రేణువులు నీటిని పీల్చుకొని ఉబ్బి, జావను సంగటిలా బిగిస్తాయి. పళ్లు రాని బిడ్డ దాన్ని మింగలేదని మనం మరిన్ని నీళ్లు పోస్తాం. అప్పుడు గిన్నె ఖాళీ అవుతుంది, కడుపూ నిండుతుంది, కాని ఆ కడుపులో ఉన్నది ఎక్కువగా నీళ్లే.

మొలకెత్తిన గింజ ఈ చిక్కును తీరుస్తుంది. మొలక తన ఎదుగుదల కోసం గింజలో దాచుకున్న పిండిపదార్థాన్ని వాడుకోవాలి కనుక అమైలేజ్ అనే ఎంజైమును తయారు చేసుకుంటుంది. అది పొడవాటి గంజి గొలుసులను చిన్న ముక్కలుగా తెంచుతుంది. బరోడా విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్ బృందం 1980లలో చూపించింది ఇదే: చిక్కని జావలో మొలక పిండి కొద్దిగా కలిపితే చాలు, అది పలుచబడుతుంది. ఇంట్లోనూ చూడవచ్చు. గరిటె నిలబడేంత చిక్కగా కాచిన జావను దించి, పొగలు తగ్గాక ఒక చిన్న చెంచా మొలక పిండి వేసి కలుపుతూ ఉంటే, కొన్ని నిమిషాలకే అది గరిటె నుంచి ధారగా జారుతుంది. నీళ్లు ఒక్క చుక్క కూడా పోయలేదు. తర్వాత మళ్లీ ఒక పొంగు రానిస్తే పచ్చిపిండిలోని క్రిముల భయం ఉండదు. మొలకలను కమ్మని వాసన కోసం ఎర్రగా వేయించేవారూ ఉన్నారు, ఆ వేడికి ఎంజైము చచ్చిపోతుంది.

మొలక కట్టడం వల్ల గింజలోని ఇనుమును పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం కూడా తగ్గి, ఇనుము ఒంటికి పట్టడం తేలికవుతుంది. పుట్టుకతో వచ్చిన ఇనుము నిల్వలు ఆరో నెల నాటికి అడుగంటుతాయి కనుక ఇది చిన్న విషయం కాదు. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాముల దాకా ఉన్నా ఇనుము 4.6 మిల్లీగ్రాములే. కాబట్టి రాగిజావ ఒక్కదానితోనే సరిపెట్టకుండా మెత్తగా ఉడికించిన పప్పు, గుడ్డు, మాంసం తినే ఇళ్లలో కాలేయం వంటివి కూడా చేర్చాలి.

మన ఎర్రనేలల పంటైన వేరుశనగ, అంటే మన బుడ్డలు, పసిపిల్లలకు పెట్టకూడదని భయపడేవారు ఉన్నారు. లండన్‌లో 640 మంది పసిపిల్లల మీద జరిపి 2015లో వెలువరించిన పరిశోధన ఆ భయాన్ని తలకిందులు చేసింది. తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బు) గాని, గుడ్డు అలర్జీ గాని ఉన్న ఆ పిల్లల్లో మొదటి ఏడాదిలోనే వేరుశనగ మొదలుపెట్టి క్రమంగా తిన్నవారిలో ఐదేళ్లకు అలర్జీ వచ్చింది 3.2 శాతం మందికి, పూర్తిగా దూరం పెట్టినవారిలో 17.2 శాతం మందికి. అలాంటి సమస్యలున్న బిడ్డకు మాత్రం వైద్యుణ్ణి అడిగాకే మొదలుపెట్టాలి. గింజలను గింజలుగా ఎన్నడూ పెట్టరాదు, గొంతుకు అడ్డం పడతాయి. మెత్తగా నూరి జావలో కలపాలి. ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు పట్టినవి ముందే ఏరి పారేయాలి. బూజు విడిచే అఫ్లటాక్సిన్ అనే విషం వేయించినా పూర్తిగా పోదు.

తేనె నాకించే ఆచారాన్ని మాత్రం నిర్మొహమాటంగా మానుకోవాలి. అందులో ఉండగల బొటులిజం (కండరాలను చచ్చుబడేలా చేసే జబ్బు) క్రిమి బీజాలు ఇంటి పొయ్యి మీద మరిగించినా చావవు. ఏడాది నిండని పేగుల్లో అవి మొలకెత్తి విషాన్ని తయారు చేయగలవు. ఉప్పు, చక్కెరలకూ ఏడాది దాకా తొందరేమీ లేదు.

ఇక రుచి. బాలింతకు వెల్లుల్లికారంతో అన్నం పెట్టే మన ఇళ్లలో బిడ్డ రుచుల చదువు పాలతోనే మొదలవుతుంది. తల్లి తిన్న వెల్లుల్లి వాసన పాలలోకి వస్తుందని, అప్పుడు పసివాళ్లు రొమ్మును ఎక్కువసేపు పట్టుకుంటారని 1991లో అమెరికాలో గమనించారు. నెలలు నిండుతున్న రోజుల్లో గాని, పాలిచ్చే రోజుల్లో గాని తల్లులు క్యారెట్ రసం తాగిన పిల్లలు తర్వాత క్యారెట్ కలిపిన ఉగ్గుకు తక్కువగా ముఖం చిట్లించారని 2001లో మరో పరిశోధన తెలిపింది. చేదు, పులుపు మాత్రం పుట్టుకతోనే నచ్చవు. అందుకే ఆకుకూర రెండుసార్లు ఉమ్మేయగానే "మా బిడ్డకు పడదు" అని తేల్చేస్తారు. వద్దన్న కూరగాయనే బలవంతం చేయకుండా ఎనిమిది, పది సార్లు కొంచెం కొంచెంగా పెడితే చాలామంది పిల్లలు తినడం మొదలుపెడతారు. అయితే నోరు ఒప్పుకున్నంత త్వరగా ముఖం ఒప్పుకోదు.

మా మనవరాలికి పప్పులో మునగాకు నూరి పెట్టినప్పుడు మొదటి నాలుగు రోజులూ నా చొక్కాయే తిన్నది. తొమ్మిదో రోజు చెంచా ఆలస్యమైందని గిన్నె వైపు వంగి చెయ్యి చాచింది. ముఖం మాత్రం మొదటి రోజులాగే చిట్లించుకుని ఉంది.