మామ ఫోటోలో కొండ ఎందుకు దగ్గరికొచ్చింది?

చిత్తూరు,
కార్తీకమాసం.

పిల్లలూ,

వానలు పట్టుకుని కపిలతీర్థంలో జలపాతం దూకుతోందని తెలిసి మీరంతా మీ మామతో చూడ్డానికి వెళ్ళారట. పెద్దపాప రాసిన ఉత్తరం అందింది. అందులో రెండు ప్రశ్నలున్నాయి. "తాతా, మామ తీసిన ఫోటోలో కొండ గోపురానికి ఆనుకుని ఇంతెత్తున నిలబడింది. నా ఫోన్ ఫోటోలో గోపురమే పెద్దది, కొండ ఎక్కడో వెనక్కి పోయింది. ఒకే గుడి, ఒకే పూట. ఎందుకిలా?" అన్నది మొదటిది. "మామ ఫోటో కంప్యూటర్లో మొదట చప్పగా, వెలిసిపోయినట్టు ఉంది. ఏవో గీతల మీద చుక్కల్ని అటూ ఇటూ జరిపితే నీళ్ళ పక్కన నల్లగా ఉన్న బండ మీద పచ్చటి నాచు బయటపడింది. అది మోసం కాదా?" అన్నది రెండోది.

రెండూ మంచి ప్రశ్నలే. రెండోదైతే పెద్దవాళ్ళు కూడా అడగాల్సింది.

ముందు కొండ సంగతి. కొండను దగ్గరికి లాక్కొచ్చింది లెన్స్ అని అందరూ అనుకుంటారు. ఆ పని చేసింది మామ కాళ్ళు. పాప గోపురానికి దగ్గరగా వెళ్ళి తీసింది. మామ రోడ్డు మీద చాలా వెనక్కి నడిచి తీశాడు. లెక్క సులువుగా ఉండడానికి గోపురం నుంచి కొండకు 400 మీటర్లు అనుకుందాం. గోపురానికి 20 మీటర్ల దూరంలో నిలబడితే కొండ 420 మీటర్ల దూరంలో ఉంటుంది, అంటే గోపురం కంటే 21 రెట్లు దూరం. అదే గోపురానికి 200 మీటర్ల దూరానికి వెనక్కి వెళితే కొండ 600 మీటర్లు, అంటే 3 రెట్లే. గోపురం చిన్నదైపోయింది, కొండ మాత్రం పెద్దగా తగ్గలేదు. అందుకే రెండూ పక్కపక్కనే నిలబడ్డాయి.

మరి లెన్స్ చేసిందేమిటి? అంత దూరం నుంచి చూస్తే బస్సులు, కరెంటు తీగలు, ఆకాశం అన్నీ ఫోటోలోకి వస్తాయి. మామ పెట్టిన 200 మిల్లీమీటర్ల లెన్స్ (ఈ అంకె ఎంత పెద్దదైతే లెన్స్ అంత ఇరుకుగా చూస్తుంది) వాటిని పక్కన పెట్టి గోపురాన్నీ కొండనూ మాత్రమే ఫ్రేము నిండా పట్టింది. ఫోన్‌లో మామూలు కెమెరా చూసే వెడల్పు, పెద్ద కెమెరాకు 24 నుంచి 28 మిల్లీమీటర్ల లెన్స్ పెడితే కనబడేంత ఉంటుంది. అది చుట్టూ ఉన్నదంతా పట్టుకొస్తుంది. ఎవరి ముఖానికైనా మరీ దగ్గరగా ఫోన్ పెట్టి తీస్తే ముక్కు పెద్దదైపోయేది కూడా దూరం వల్లే. మీ అమ్మమ్మ ఫోటో తీసేటప్పుడు నాలుగడుగులు వెనక్కి వెయ్యండి.

మామ దగ్గర చిన్న 50 మిల్లీమీటర్ల లెన్స్ కూడా ఉంది కదా, దాని మీద 1.8 అని రాసి ఉంటుంది. 50ని 1.8తో భాగిస్తే దాదాపు 28 వస్తుంది. వెలుగు లోపలికి వెళ్ళే దారి అన్ని మిల్లీమీటర్ల వెడల్పన్నమాట. 200 మిల్లీమీటర్ల లెన్స్ మీద ఆ అంకె 2.8 ఉండాలంటే ఆ దారి 71 మిల్లీమీటర్లు ఉండాలి. అంత అద్దం కాబట్టే అది బరువు, ఖరీదు. దగ్గరి వస్తువులకు మాక్రో లెన్స్ అని ఇంకొకటి ఉంది. దాంతో శేషాచలం బండల సందుల్లో ఉండే బంగారు బల్లిని తియ్యాలని చిన్నోడికి సరదాగా ఉందట. అది రాత్రిపూట తిరిగే ప్రాణి. దాని కళ్ళలోకి ఫ్లాష్ కొట్టొద్దు నాయనా. ఫోటో రాకపోయినా ఫరవాలేదు.

ఇక రెండో ప్రశ్న. మన జిల్లా పిల్లలకు మామిడికాయ గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. సొన కూడా ఆరని తోతాపురి కాయ ఇంటికొచ్చిందంటే దానికి ఎన్ని దారులో! పప్పులో పడొచ్చు, రోట్లో పచ్చడి కావొచ్చు, గడ్డిలో మాగితే పండై రసం కావొచ్చు. అదే కాయను ముక్కలు కొట్టి ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలిపి జాడీకెత్తాక, ఇక అందులోంచి పప్పులోకి కాయ రాదు. ఫోన్ ఇచ్చే జేపెగ్ ఫోటో జాడీలో పెట్టిన ఊరగాయ. రంగు ఎంత వెచ్చగా ఉండాలి, నలుపు ఎంత చిక్కగా ఉండాలి, అంచులు ఎంత పదునుగా ఉండాలి అన్నీ లోపలే తేల్చేసి, అక్కర్లేదనుకున్నది పారేసి ఇస్తుంది. తినడానికి సిద్ధం. మామ కెమెరా ఇచ్చింది రా ఫైల్, అంటే కెమెరా పట్టిన వెలుగును ఏమీ వండకుండా దాచిపెట్టిన పచ్చి ఫైల్. అది చెట్టు మీంచి కోసిన కాయ. అందుకే అట్లా చప్పగా కనబడింది.

కాయలో ఎంత సరుకుందో చూడండి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు చీకటి నుంచి వెలుగు దాకా 256 మెట్లే. 14 బిట్ల రా ఫైల్లో 16,384. ఆ నల్లటి బండలో మనకు కనబడని తేడాలు ఆ మెట్లలోనే దాగున్నాయి. జేపెగ్‌లో అదే బండను వెలిగించబోతే మరకలు తేలతాయి. ఊరగాయ ముక్కను కడిగి పప్పులో వేసినట్టు.

అట్లాగని కాయ దేన్నైనా తట్టుకుంటుందని కాదు. కుళ్ళిన కాయకు ఎంత ఉప్పు వేసినా ఏం లాభం? జలపాతం తెలుపు మరీ ఎక్కువ వెలుగు పడి పూర్తిగా తెల్లబోతే, అక్కడ నీటి దారాలు తర్వాత ఎవరూ తేలేరు. అందుకే మామ తెల్లటి నీళ్ళను చూసి వెలుగు కొలుచుకుని, బండను చీకట్లోనే వదిలాడు. ఫోకస్ తప్పితే అంతే. నీళ్ళు పాలలా జారాలంటే షటర్ అర సెకను తెరిచి ఉంచాలి, తుంపర్లు విడివిడిగా నిలవాలంటే సెకనులో 500వ వంతు చాలు. ఇవన్నీ అక్కడే, ఆ క్షణమే తేలిపోతాయి.

ఒక్క విషయంలో ఈ కాయ అమ్మమ్మ కాయను మించిపోయింది. ఎన్ని వంటలు చేసినా ఇది తెగదు. డార్క్‌టేబుల్, రాథెరపీ అని డబ్బు కట్టనక్కర్లేని సాఫ్ట్‌వేర్లున్నాయి, లైట్‌రూమ్ అని డబ్బు కట్టి వాడేదుంది. ఇవేవీ అసలు ఫైల్లోని వెలుగును ముట్టుకోవు. మీరు జరిపిన ప్రతి చుక్కనూ వంట పద్ధతిలా విడిగా రాసి పెట్టుకుంటాయి. పదేళ్ళ తర్వాత తెరిచినా కాయ సొనతోనే ఉంటుంది.

మోసమా అన్నావు కదా తల్లీ. నా చిన్నప్పుడు తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల ఫోటో స్టూడియోలుండేవి. కొండ దిగిన యాత్రికులు గుండ్లతో, నామాలతో, తెర మీద వేసిన ఏడుకొండల ముందు ఫోటో దిగేవాళ్ళు. ఒక స్టూడియో ఆయన నన్ను చీకటి గదిలోకి రానిచ్చేవాడు. ఎర్ర బల్బు ఒక్కటే వెలిగేది. పైనుంచి నెగటివ్ వెలుగు కాగితం మీద పడుతుంటే, ఆయన ముఖం ఉన్న చోట అరచెయ్యి అడ్డం పెట్టి మెల్లగా ఊపేవాడు. వెలుగు తక్కువ పడితే ముఖం నల్లబడకుండా వస్తుందట. చెయ్యి ఆపితే అంచు పడుతుందని ఊపుతూనే ఉండేవాడు. తర్వాత కాగితాన్ని మందునీళ్ళ ట్రేలో వేసి కదిపితే ముందు కనుబొమ్మలు తేలేవి, తర్వాత కళ్ళు, చివరికి గుండు. నేను ఊపిరి బిగపట్టుకుని చూసేవాణ్ణి. ఇప్పుడు మామ జరిపిన చుక్క ఆయన అరచెయ్యి చేసిన పనే చేస్తోంది.

నాచు బండ మీద ఉంది. దాని వెలుగు కెమెరా దాకా వచ్చింది. దాన్ని పైకి తేవడం మోసం కాదు. లేని చందమామను గోపురం మీద అతికించి, నేను చూశానని చెబితే అది మోసం.

ఆ నాచు పచ్చదనం ఎట్లా పట్టుబడిందో చెబితే మీరు నమ్మరు. కెమెరా లోపల వెలుగును పట్టే పలకను సెన్సర్ అంటారు. దానిలోని ఒక్కో గడి ఒక్క రంగునే కొలుస్తుంది. నాలుగు గళ్ళలో రెండు పచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. కోడాక్ అనే ఫోటో కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ ఈ అమరికకు 1976లో పేటెంట్ పొందాడు. మన కన్ను పచ్చలోనే సన్నటి వివరాలు బాగా పడుతుంది కాబట్టి పచ్చకు రెండు. ప్రతి గడీ తనకు తెలియని మిగతా రెండు రంగుల్నీ చుట్టుపక్కల గళ్ళను చూసి లెక్కకట్టుకోవాలి. మీరు చూసే ఫోటోలో మూడింట రెండు వంతుల రంగు అలా ఊహించిందే! ఆ లెక్క ఇక్కడ విప్పను. తలుచుకుంటేనే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది, ఆ ఆశ్చర్యం మీకూ ఉండనీ.

ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. పిట్టగోడ మీద ఒక స్టీలు గ్లాసు, దానికి మూరెడు వెనక ఇంకో గ్లాసు పెట్టండి. దగ్గర నుంచి ఒకటి, పదడుగులు వెనక్కి వెళ్ళి జూమ్ చేసి ఒకటి తియ్యండి. తర్వాత మామ కెమెరాతో ఆ వెనక చోటు నుంచే, 24 లోనూ 200 లోనూ తీయించండి. 24 లో తీసినదాన్ని గ్లాసుల మేరకు కత్తిరించి పక్కపక్కన పెట్టి చూడండి. కెమెరాలో రా, జేపెగ్ రెండూ పడేలా పెట్టమనండి. ఆ ఫైళ్ళు నాకు వాట్సాప్‌లో ఫోటోల్లా పంపొద్దు, అది నలిపేస్తుంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తెండి, కలిసి చూద్దాం.

మీ
తాత