పక్క గ్లాసే కొలబద్ద

ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు రెడ్ వైన్, ఇరవై ఏళ్ల నాటిది, ఒక్కటే గ్లాసులో పోసుకుని తాగితే దాని గురించి చెప్పగలిగేది పెద్దగా ఉండదు. బాగుందంటాం, కాస్త వగరుగా ఉందంటాం, అక్కడితో ఆగిపోతాం. దాని పక్కన అదే ఏడాది ఇంకో ఎస్టేటులో తయారైన వైన్ పెడితే మాటలు వాటంతటవే వస్తాయి. దీని రంగు చిక్కన, దానిది పలచన. దీంట్లో పండు వాసన ఇంకా మిగిలుంది, దాంట్లో తోలు, పుట్టగొడుగుల వాసన. మన ముక్కుకీ నాలుకకీ సొంత కొలబద్ద లేదు కానీ తేడా పట్టడంలో మాత్రం గట్టివే. పైగా ఒకే వాసన కాసేపు పీలిస్తే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. పక్క గ్లాసు దాకా వెళ్లొస్తే మళ్లీ తెలుస్తుంది. స్నేహితులు నలుగురూ కలిసి సీసాలు వరసగా పెట్టుకోవడంలో అసలు లాభం ఇదే. ఖర్చు పంచుకోవడమూ లాభమే అనుకోండి. 750 మిల్లీలీటర్ల సీసా పది మందికి తలా 75 చొప్పున వస్తుంది, పోల్చడానికి అంత చాలు.

ఒకే ఏడాది, వేర్వేరు ఎస్టేట్లు అయితే హారిజాంటల్ అంటారు. ఒకే ఎస్టేటు, వేర్వేరు ఏళ్లు అయితే వర్టికల్. వర్టికల్‌కి పేరెక్కువ కానీ, అందులో వయసూ ఆ ఏటి వాతావరణమూ రెండూ కలిసి మారతాయి. కనిపించిన తేడా దేనివల్లో విడదీయలేం. మొదటిసారి చేసేవాళ్లకి హారిజాంటలే మేలు.

ముందు కళ్లకి పని. తెల్ల కాగితం మీద గ్లాసు వంచి అంచు రంగు చూడాలి. కొత్త వైన్ అంచు ఊదాగా ఉంటుంది, ముదిరేకొద్దీ ఇటుక రంగుకి తిరుగుతుంది. కొత్త వైన్‌కి రంగునిచ్చేవి ద్రాక్ష తొక్కలోని ఆంథోసయనిన్లు. ఇవి విడిగా ఎక్కువ కాలం నిలవవు. కొన్నేళ్లలో చాలా భాగం విరిగిపోవడమో, తొక్క నుంచీ గింజల నుంచీ వచ్చిన, వగరునిచ్చే టానిన్లతో అతుక్కుని పెద్ద అణువులవడమో జరుగుతుంది. మరీ పెద్దవైనవి కరిగి ఉండలేక మడ్డిగా అడుక్కి దిగుతాయి. అందుకే పాత సీసాని ఒకరోజు ముందే నిలబెట్టి ఉంచాలి. మెడ వెనక దీపం పెట్టుకుని వేరే పాత్రలోకి నెమ్మదిగా వంచి, మడ్డి మెడ దాకా రాగానే ఆపేయాలి. ఇది మర్యాద కోసం చేసే తంతు కాదు. మడ్డి కదిలితే మొదటి గ్లాసులోదీ చివరి గ్లాసులోదీ ఒకే వైన్ కాదు, ఇక పోల్చేదేముంది?

వగరు నిజానికి రుచి కన్నా స్పర్శకే దగ్గర. లాలాజలంలో ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండే ప్రొటీన్లని టానిన్లు పట్టేసుకుంటాయి, నోట్లో జారుడుతనం తగ్గిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ టానిన్లు పెరిగి పెద్దవై కిందికి దిగిపోతాయి కాబట్టి పాత వైన్ మెత్తబడుతుందని తరచూ చెబుతుంటారు. అది సగమే నిజం. వైన్ పులుపులో టానిన్ గొలుసులు తెగుతూ కూడా ఉంటాయి, తెగిన ముక్కలు వేరే అణువులతో మళ్లీ కలుస్తుంటాయి. సీసాలో జరిగేది ఒకవైపు ప్రయాణం కాదన్నమాట. ఇంకో చిక్కు, వగరు గుక్క గుక్కకీ పేరుకుపోతుంది. వరసలో చివరి వైన్‌కి అన్యాయం జరగకుండా ఒక్కొక్కరూ ఒక్కో వరసలో రుచి చూడాలి. మధ్యలో నీళ్లు, ఉప్పూ కారం లేని రొట్టె. మింగకుండా ఉమ్మేస్తే ఆరో గ్లాసు దగ్గర కూడా తీర్పు తీర్పులాగే ఉంటుంది.

అన్నిటికన్నా రుచికరమైన భాగం వాసనలది. బోర్డోలో జిరోండ్ నదీముఖానికి ఎడమ ఒడ్డున, మెడాక్ గులకరాళ్ల నేలలో, క్యాబర్నే సావిన్యోన్ అనే నల్ల ద్రాక్షదే పెద్దపీట. కుడివైపు సెంట్ ఎమిలియోన్, పొమెరాల్‌లలో మెర్లో ద్రాక్షది. క్యాబర్నే సావిన్యోన్‌కి తల్లిదండ్రులు క్యాబర్నే ఫ్రాంక్, సావిన్యోన్ బ్లాంక్ అని కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్లు 1997లో డీఎన్‌ఏ ఆధారంగా తేల్చారు. తెల్ల ద్రాక్షకి పుట్టిన నల్ల ద్రాక్ష! ఈ కుటుంబమంతా పంచుకునే లక్షణం ఒకటుంది, క్యాప్సికం వాసన వేసే మిథాక్సీపైరజీన్. లీటరు నీళ్లలో 2 నానోగ్రాములున్నా ముక్కు పసిగడుతుంది. పచ్చి కాయలో ఎక్కువ, ఎండకి పండేకొద్దీ తగ్గుతుంది. సీసాలోకి వెళ్లాక మాత్రం ఏళ్లు గడిచినా అంతగా తరగదు. ఒక చల్లని వేసవి గుర్తు ముప్పై ఏళ్ల తర్వాత కూడా గ్లాసులో దొరుకుతుందంటే కారణం అదే. వెచ్చని ఏడాది వైన్ పక్కనుంటే అది దాగదు.

పండు వాసననిచ్చే ఎస్టర్లు మెల్లగా విడిపోతాయి. డైమిథైల్ సల్ఫైడ్ పెరిగి, నేలలో పెరిగే ట్రఫుల్ పుట్టగొడుగు వాసన తెస్తుంది. పాత బోర్డోల్లో తగిలే పుదీనా చల్లదనంలో పైపెరిటోన్ అనే పదార్థానికి వాటా ఉందని బోర్డో పరిశోధకులే చూపించారు. గుర్రపుశాల వాసన వస్తే మాత్రం దాన్ని వయసు ఖాతాలో వేయకండి, అది బ్రెటానోమైసిస్ అనే ఈస్ట్ పని. కొందరికి అదే ఇష్టం, నాకు కాదు. తడిసిన అట్ట వాసన వస్తే అది బిరడా నుంచి దిగిన ట్రైక్లోరోఅనిసోల్ అనే రసాయనం. అది మరీ కొద్దిగా ఉంటే అట్ట వాసన కూడా రాదు, పండు వాసన మాత్రం నీరసపడుతుంది. ఆ వైన్ అంతేనేమో అనుకుంటాం. అదే వైన్ రెండో సీసా తీస్తే గానీ సంగతి బయటపడదు.

ఇంతవరకూ సీసాలో జరిగేవి. తలలో జరిగేవి ఇంకా మోసకారివి. 2001లో అచ్చు అయిన ఒక ప్రయోగంలో, బోర్డోలో వైన్ శాస్త్రం చదివే 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్లు రెడ్ వైన్‌కి వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. 2008లో మరో బృందం ఒకే క్యాబర్నేని ఒకసారి 10 డాలర్లదనీ ఇంకోసారి 90 డాలర్లదనీ చెప్పి ఇచ్చింది. ధర ఎక్కువని చెప్పినప్పుడు బాగుందన్నారు, మెదడులో ఆనందాన్ని తూచే భాగం కూడా ఎక్కువ చురుగ్గా స్పందించింది. అంటే వాళ్లు గొప్పకి చెప్పలేదు, నిజంగానే బాగా అనిపించింది.

కాబట్టి సీసాలకి కాగితపు సంచులు తొడిగి, నంబర్లు వేయాలి, బిరడాలు దాచేయాలి. బోర్డో తరహా సీసాలన్నీ ఎత్తు భుజాలతో ఒకేలా ఉంటాయి కాబట్టి ఆకారం చూసి కనిపెట్టే బెడద తక్కువ. అందరూ రాసుకునేదాకా నోరు మెదపకూడదు. ఒకరు పుదీనా అనగానే మిగతా అందరి గ్లాసుల్లోనూ పుదీనా మొలుస్తుంది. ఇంకో చిన్న కొంటె పని, ఎవరికీ చెప్పకుండా ఒకే వైన్‌ని రెండు నంబర్ల కింద పోయండి. ఆ రెంటికీ మార్కులు ఎంత తేడాగా పడ్డాయో చూస్తే, మిగతా వైన్ల మధ్య మార్కుల తేడాలో ఎంత నమ్మొచ్చో తెలుస్తుంది.

1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వైన్ వ్యాపారి ఫ్రెంచ్, కాలిఫోర్నియా వైన్ల మధ్య పెట్టిన పోటీలో సీసాలు కనబడకుండానే పోశారు. ఫ్రెంచ్ నిపుణుల తీర్పులో రెడ్ వైన్లలో కాలిఫోర్నియాకి చెందిన స్టాగ్స్ లీప్ 1973 మొదటి స్థానంలో నిలిచి, బోర్డోకి చెందిన మూటన్ రోత్‌షీల్డ్ 1970 వెనకబడింది. కాలిఫోర్నియా వైన్లు ముదిరితే నిలవవని కొందరు సర్దిచెప్పుకున్నారు. సరిగ్గా ముప్పై ఏళ్లకి, 2006లో, అవే రెడ్ వైన్లని లండన్‌లోనూ నాపాలోనూ మళ్లీ పోల్చారు. మొదటి ఐదు స్థానాలూ కాలిఫోర్నియావే, రిడ్జ్ మాంటె బెల్లో 1971 అగ్రస్థానంలో.

అయితే అంత పాత సీసాల్లో ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒక్కో బిరడా ఒక్కోలా గాలిని లోపలికి పోనిస్తుంది. సీసాలో వైన్ భుజం కిందికి దిగి ఉంటే అనుమానించాల్సిందే. వీలైతే పోటీలో ఉన్న ప్రతిదానికీ రెండో సీసా దగ్గర ఉంచుకోండి. తీశాక కూడా ఆట అయిపోదు. ఇరవై ఏళ్ల క్యాబర్నే ఒక గంట గాలి తగిలాక విచ్చుకోవచ్చు, నలభై ఏళ్లది అదే గంటలో వాడిపోవచ్చు. తలా రెండు గుక్కలు గ్లాసుల్లో మిగిల్చి, సంచులు తీయకముందే గంటాగి మళ్లీ మార్కులు వేయండి. ఇందాక ఆఖర్న నిలిచింది పైకి రావడం మామూలే.